పుట్టి మునగలేదు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన ఫొటో ఒకటుంది. కావేరి ఒడ్డు, వెనక కొండలు, మధ్యలో ఆకుపచ్చ టెంటు, టెంటు ముందు చేతులు కట్టుకొని నేను. కింద నేనే రాసుకున్న మాట: "అడవిలో ఒక రాత్రి." మా పెద్ద మేనమామ రెండు దండాల బొమ్మలు పెట్టారు. విజయవాడ బావగారు "పులివయ్యా నువ్వు" అన్నారు. పిల్లనిచ్చిన మామగారు మాత్రం ఏమీ అనలేదు. ఆయనకి వాళ్ళమ్మాయి అప్పటికే ఫోన్ చేసి ఉంటుంది.

ఆ ఫొటోలో అబద్ధం లేదు. నది ఉంది, టెంటు ఉంది, నేనూ ఉన్నాను. రాత్రి ఎక్కడున్నానన్నదే అసలు సంగతి. ఆర్నెల్లుగా దాన్ని మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. ఇవాళ కక్కేస్తాను.

మేముండేది బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, రెండో సెక్టారు. చాలాకాలం మా అమ్మ ఆ పేరు ఎవరో హెచ్.ఎస్. రావుగారిదనీ, ఆయనెవరో ధర్మాత్ముడు స్థలమిచ్చి ఉంటాడనీ అనుకునేది. హోసూరు రోడ్డు, సర్జాపూర్ రోడ్డు కలిపి పెట్టిన పేరు అది. ఇక్కడ మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌లో నేను నీళ్ళ కమిటీని. సభ్యుణ్ణి అనడం లేదు, ఎందుకంటే కమిటీలో ఇంకెవరూ లేరు. 2024 మార్చిలో ఊళ్ళో బోర్లు ఎండిపోయి, తాగునీళ్ళతో కారు కడిగితే 5000 రూపాయలు జరిమానా అని జలమండలి ప్రకటించిన రోజుల్లో, "తెలుగువాళ్ళు లెక్కల్లో గట్టివాళ్ళు" అని పొగిడి నన్నా కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పట్నుంచి నా బతుకు లీటర్లలో నడుస్తోంది. ట్యాంకరొచ్చిందా, సంపు నిండిందా, మోటారు వేశారా, వేసిన మోటారు ఆపారా. ఆ ఏడాది అక్టోబరులో కావేరి అయిదో దశ మొదలైంది. నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకి 77.5 కోట్ల లీటర్లు తెచ్చే పథకం అది. అందులో మన సంపులోకి ఎన్ని పడతాయో చెప్పమని మూడో అంతస్తువాళ్ళు నన్నే నిలదీశారు, ఆ గొట్టాలు నేనే వేయించినట్టు.

ఎంతదాకా వచ్చిందంటే, అర్ధరాత్రి మేడమీద ట్యాంకు పొంగి నీళ్ళు కారుతున్న చప్పుడైతే చాలు, నిద్రలోనే లేచి, నిద్రలోనే నడిచి, వాచ్‌మన్‌కి ఫోన్ చేసి మోటారు ఆపించి, మళ్ళీ వచ్చి పడుకుంటాను. పొద్దున నాకేం గుర్తుండదు. ఈ ఒక్క వివరం మీరు మాత్రం గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

అలాంటి మనిషికి రెండు రోజులు ప్రశాంతంగా ఉండాలనిపించింది. ఇంగితం ఉన్నవాడైతే నీళ్ళకి దూరంగా పోతాడు. నేను నది దగ్గరకి పోదామన్నాను.

మా ఆవిడది కదిరి. పదిహేనేళ్ళ బెంగళూరు కాపురంలో ఆమె భాష చాలావరకు నున్నబడింది గానీ, ఒళ్ళు మండినప్పుడు కదిరి బయటికొస్తుంది. "ఏందీ? మన కొళాయిలోకి రావాల్సిన నీళ్ళు ఆడ ఉండాయో లేదో చూసేకి అంత దూరం మనమే పోవల్లా?" అంది.

మాటలో నిజముంది. బెంగళూరుకి కావేరి నీళ్ళు వాటంతటవి పారి రావు. నది కింద, ఊరు మీద. మళవళ్ళి తాలూకా తొరెకాడనహళ్ళి దగ్గర్నుంచి దాదాపు అర కిలోమీటరు ఎత్తు పంపులతో ఎక్కించి, వంద కిలోమీటర్లు గొట్టాల్లో తోలుకొస్తారు. నేను వెళ్దామన్నది ఆ చుట్టుపక్కలకే, ముత్తత్తి, భీమేశ్వరి కొండల్లోకి. నీళ్ళు ఎంతో కష్టపడి ఎక్కొచ్చిన దారినే మేం పెట్రోలు పోసుకొని దిగాలన్నమాట.

కానీ పెళ్ళైన కొత్తలోనే నేనొక కోత కోసి ఉన్నాను: "గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, నీళ్ళు నాకేం కొత్త?" అని. పెన్నా చిత్రావతుల్లో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ చూసిన పిల్ల, నమ్మింది. నిజం చెప్పాలంటే గోదావరితో నాది వంతెన మీది పరిచయం. రైల్లోంచి బిళ్ళ విసిరి దండం పెట్టుకునేంత. 2003 పుష్కరాల్లో మా నాన్న జబ్బ పట్టుకొని వేసిన మూడు మునకలే నా మొత్తం ఈత.

భీమేశ్వరిలో కర్ణాటక ప్రభుత్వానికి చెందిన జంగిల్ లాడ్జెస్ వాళ్ళ శిబిరముంది. మా పెద్దమ్మాయి దాని ఫొటోలు చూపించింది. గుడారాల్లో మంచాలు, పక్కనే బాత్రూములు. "ఇది కూడా ఓ క్యాంపింగేనా?" అని పెదవి విరిచాను. ఇప్పుడా మంచాలు కల్లోకొస్తున్నాయి. ఆ కొండల్లోనే నది పక్కన ఒక తోట దొరికింది, మన టెంటు మనమే వేసుకోవచ్చన్నారు. పేరు చెప్పను, వాళ్ళ తప్పేం లేదు.

టెంటు కోసం ఒక పెద్ద ఆటసామాన్ల దుకాణానికెళ్ళాం. అక్కడి కుర్రాడు గుండ్రటి సంచీలోంచి ఏదో తీసి గాల్లోకి విసిరాడు. నేల మీద పడేలోపు అది ఇల్లయిపోయింది. నాకు మతిపోయింది. అపార్ట్‌మెంటు చేతికి రావడానికి నాలుగేళ్ళు పట్టినవాణ్ణి, రెండు సెకన్లలో గృహప్రవేశం చూసేసరికి కార్డు తీసేశాను. "మళ్ళీ ముడవడం ఎలా?" అని పెద్దది అడిగింది. "చాలా ఈజీ, వీడియో ఉంటుంది" అన్నాడు కుర్రాడు, మా వైపు చూడకుండా.

ఆ రాత్రి అమ్మకి ఫోన్లో చెప్పాను, శనివారం టెంటు వేస్తున్నామని.

"అయ్యో! ఎవరు పోయార్రా?"

"ఎవరూ పోలేదమ్మా."

"పెళ్ళా అయితే? మాకు చెప్పకుండానా?"

మా ఊళ్ళో టెంటు అన్న మాటకి మూడో అర్థం లేదు. వీధిలో టెంట్ హౌస్ వాళ్ళ బండి ఆగిందంటే ఈ రెండింట్లో ఒకటి. నది పక్కన సరదాకి వేసుకుంటామని చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మాయి ఒప్పుకుందా?" అని మాత్రం అడిగింది.

అమ్మాయి ఒప్పుకోవడమంటే సర్దడం. కుక్కరు, చాప, రెండు బొంతలు, చెంబు, చిత్రాన్నం డబ్బా, పెరుగు, రెండు రకాల పొడులు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఇదేమిటని నేను వెక్కిరించాను. నా సంచీలో ఉన్నవి చెబుతాను: తలకి కట్టుకునే లైటు, దిక్సూచి, విజిల్, పది గజాల తాడు, చిన్న గ్యాసు పొయ్యి, పదహారు పనులు చేసే చాకు. ఆ చాకు ఈ యాత్రలో ఒకే పని చేసింది, పెరుగు ప్యాకెట్టు కోసింది. పొయ్యికి సిలిండరు విడిగా కొనుక్కోవాలని అడవిలో తెలిసింది.

ఆరింటికి బయల్దేరాలనుకున్నాం కాబట్టి తొమ్మిదింటికి బయల్దేరాం. సిల్క్ బోర్డు కూడలి గురించి బెంగళూరులో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కేంద్ర పట్టు మండలి కార్యాలయం వల్ల దానికా పేరు. పురుగు ఆకు తిని, గూడు కట్టి, రెక్కలొచ్చి ఎగిరిపోయేంత తీరిక ఆ సిగ్నల్ దగ్గర దొరుకుతుంది. బన్నేరుఘట్ట రోడ్డు దాటి, కనకపుర రోడ్డెక్కి, హారోహళ్ళి, కనకపుర కూడా వెనకబడ్డాక "హమ్మయ్య, బెంగళూరు దాటేశాం" అన్నాను. పెద్దది ఫోన్లోంచి తలెత్తకుండానే "లేదు నాన్నా" అంది. రామనగర జిల్లాకి బెంగళూరు దక్షిణ జిల్లా అని పేరు పెట్టాలని 2025 మేలో మంత్రివర్గం తీర్మానించిందట. రెండున్నర గంటలు నడిపి మేం బెంగళూరు నుంచి బెంగళూరుకే చేరాం.

కనకపుర దగ్గరే మేకెదాటుకి దారి చీలుతుంది. రెండు రాష్ట్రాలు ఆనకట్ట కోసం కొట్లాడుకునే చోటు. ఆ పేరు మనకి ఎవరూ అనువదించక్కర్లేదు. కావేరి అక్కడ ఎంత సన్నటి ఇరుకులో పారుతుందంటే, వెనకటికి మేకొకటి ఒక్క గెంతులో దాటేసిందట. ఈ మేకని కూడా గుర్తుంచుకోండి.

సాతనూరు, హలగూరు, అక్కణ్ణుంచి అడవి దారి. ముత్తత్తిలో ఆంజనేయుడి గుడి దగ్గర ఆగాం. సీతమ్మ నదిలో స్నానం చేస్తుంటే ముక్కుపుడక ముత్యం జారిపోయిందనీ, హనుమంతుడు తోకతో నదిని కలియబెట్టి దాన్ని పైకి తీశాడనీ అక్కడి కథ. కన్నడ నటుడు రాజ్‌కుమార్‌కి అమ్మానాన్నలు పెట్టిన ముత్తురాజు అన్న పేరు ఈ స్వామిదే. గుడి దగ్గరే నదిలో దిగొద్దని బోర్డులున్నాయి. రాళ్ళ మధ్య సుడులు కనపడవు, పైనుంచి నీళ్ళు ఎప్పుడు వదులుతారో తెలీదు, ఈతొచ్చినవాళ్ళే మునిగారు. మా ఆవిడ నా వంక చూసింది. "బోర్డు పెట్టారు కాబట్టి ఆగుతున్నా" అన్నాను. ప్రభుత్వ బోర్డుకి అంత కృతజ్ఞుణ్ణి ఎప్పుడూ కాలేదు.

తోటలో మమ్మల్ని చూసుకున్నది ఒక పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. చుట్టూ కావేరి అభయారణ్యం, ఏనుగులుంటాయని నాకు తెలుసు గానీ, తెలియడం వేరు, చీకటి పడేముందు వినడం వేరు. "ఆనె బరుత్తె సార్, ఒందొందు సల. ఏనూ మాడల్ల" అన్నాడాయన. ఏనుగొస్తుంది అప్పుడప్పుడు, ఏమీ చెయ్యదు. మొదటి వాక్యం నా చెవిలో పడ్డాక రెండోదానికి చోటు మిగల్లేదు. నీళ్ళలో మొసళ్ళ సంగతి మా చిన్నవాడు అడిగి తెలుసుకున్నాడు.

సాయంత్రం పుట్టి ఎక్కించాడు. వెదురు బద్దల అల్లిక, అడుగున నల్లటి తారు పూత, పెద్ద గంపలాంటిది. వాళ్ళు తెప్ప అంటారు. దానికి ముందూ వెనకా లేదు, ఎటు తిరిగి కూర్చున్నా భయం ఎదురుగానే ఉంటుంది. పిల్లలడిగారని పెద్దాయన నడి నదిలో ఒక్క తెడ్డుతో దాన్ని గిరగిరా తిప్పాడు. వాళ్ళు ముగ్గురూ కేరింతలు. నేను అంచు పట్టుకొని పుష్కరాల్లో మా నాన్న జబ్బని తలుచుకున్నాను. తిప్పడం ఆపాక ఆయన లోతైన మడుగొకటి చూపించి మహసీర్ చేప ఉండేది అక్కడేనన్నాడు. మూపురమున్న ఆ మహసీర్ కావేరిలో, దాని ఉపనదుల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా పుట్టదు. యాభై కిలోలు దాటి పెరుగుతుంది. ఒకప్పుడు దాన్ని గాలంతో పట్టి, ఫొటో దిగి, ముద్దుపెట్టి మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యడానికి ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో భీమేశ్వరికి వచ్చేవారు. 2018లో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే అంచున ఉన్న జీవాల పట్టికలో చేర్చింది. "పట్టుకొని, తినకుండా వదిలేస్తారా?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. నాకు మాత్రం ధైర్యమొచ్చింది, ఫొటో కోసం ఇంత దూరం వచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే కాదని.

ఒడ్డుకొచ్చి టెంటు విసిరాను. నిజంగానే గాల్లో విచ్చుకుంది. విచ్చుకొని, గాలి అందుకొని, కావేరి వైపు బయల్దేరింది. చిన్నవాడు పరుగెత్తి తాడు పట్టుకోకపోతే మా ఇల్లు తమిళనాడు చేరేది. లోపల రాళ్ళు పెట్టి కూర్చోబెట్టాం. నలుగురికి అని రాసి ఉంది దాని మీద. నలుగురం పడుకుంటే డబ్బాలో అప్పడాల్లా సర్దుకున్నాం.

వంట మా ఆవిడే చేసింది. మూడు రాళ్ళు, ఎండు పుల్లలు, కుక్కరు. మూడో విజిల్‌కి కొండ అవతల్నుంచి ఏదో పక్షి జవాబిచ్చింది. వేడన్నంలో పొడి కలుపుకొని, నెయ్యి లేదని గొణుక్కుంటూ, ఆకాశం చూశాం. హెచ్‌ఎస్‌ఆర్‌లో చుక్కలుండవు, ఉన్నా ఏదో స్టార్టప్ లైటింగు అనుకుంటాం. ఆ కాసేపు నేను నిజంగానే సుఖంగా ఉన్నాను. ఇది మాత్రం ఎవరడిగినా ప్రమాణం చేసి చెబుతాను.

ఇక రాత్రి.

ఎన్నింటికో తెలీదు, చెవిలో నీళ్ళ చప్పుడు. ధారగా, ఆగకుండా, ఎక్కడో పొంగి పొర్లుతున్న చప్పుడు. నా ఒళ్ళు దానంతటదే లేచి కూర్చుంది. ట్యాంకు పొంగుతోంది. మోటారు ఆపలేదు. ఆరువేల లీటర్ల ట్యాంకరు, మొన్ననే డబ్బులిచ్చాను. చెప్పులు వెతుక్కోకుండా జిప్పు లాగి, ఫోన్ పట్టుకొని, వాచ్‌మన్‌ని తిట్టడానికి నోరు తెరుచుకుంటూ బయటికొచ్చాను. ఎదురుగా ట్యాంకు లేదు. వెన్నెల్లో కావేరి ఉంది, ఎవరూ ఆపలేని మోటారులా.

అప్పుడు తెలివొచ్చింది. తెలివొచ్చాక చూస్తే, నాకూ నదికీ మధ్య ఇరవై అడుగుల దూరంలో నల్లటి వీపు. గుండ్రంగా, నున్నగా, గున్న ఏనుగు పడుకున్నంత. చూస్తుండగా అది కదిలింది. లోపల్నుంచి ఊపిరి తీసినట్టు ఒక చప్పుడు.

ఇక్కడ పురుషోత్తములు ఏం చేస్తారో నేను విన్నాను. భార్యాపిల్లలకి అడ్డంగా నిలబడతారు. కనీసం కేకేస్తారు. నా మెడలో విజిల్ కూడా ఉంది. నేను కేక వెయ్యలేదు, విజిల్ ఊదలేదు, టెంటు వైపు తిరగలేదు. ఒక్క గెంతు. మధ్యలో కాలువ ఉందని పొద్దున తెలిసింది. కారులో పడి, తలుపులన్నీ లోపల్నుంచి తాళం వేసుకున్నాను. మేక దాటిన చోటుకి పేరు పెట్టారు, అదే నది ఒడ్డున నేను దాటిన చోటుకి ఎవరూ పెట్టలేదు.

తొందర్లో తాళం మీద ఏ మీట నొక్కానో గానీ కారు అరవడం మొదలుపెట్టింది. నాలుగు లైట్లూ వెలిగి ఆరుతున్నాయి. తోటలో గదుల్లో పడుకున్నవాళ్ళంతా లేచారు. టెంటు జిప్పు తెరుచుకుంది. మా ఆవిడ, నేను కొన్న లైటు తలకి కట్టుకొని, నింపాదిగా ఆ నల్లటి వీపు పక్కనుంచే నడిచొచ్చి అద్దం మీద కొట్టింది. రెండు వేళ్ళంత దించాను.

"ఏనుగు" అన్నాను ఆ సందులోంచి.

ఆమె వెనక్కి వెళ్ళి దాన్ని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. గంప చప్పుడు చేసింది. సాయంత్రం మేం ఎక్కిన పుట్టి. తడి ఆరాలని పెద్దాయన ఒడ్డున బోర్లించి వెళ్ళాడు. దాని కిందనుంచి తోట కుక్క ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి, ఆమె కాళ్ళు నాకింది.

"ఇప్పుడేం పుట్టి మునిగిందని ఈ గోల?" అంది మా ఆవిడ.

పుట్టిని చేత్తో పట్టుకొని ఆ మాట అన్న మనిషిని ఇంతవరకు చూడలేదు. మునగలేదు నిజమే. బోర్లా పడుకుంది, అంతే. అక్కడిదాకా నవ్వులాటే. పెద్దది టెంటులోంచి తల బయటపెట్టి అడిగింది, "ఏనుగనుకుంటే మమ్మల్ని లేపాలి కదా నాన్నా?" అని. కారు స్టార్టు చేసి దగ్గరికి తెద్దామని వెళ్ళానన్నాను. "లోపల్నుంచి తాళం వేసుకొనా?" అంది. పదమూడేళ్ళ పిల్లలకి ఇంత తర్కం బళ్ళో ఎవరు నేర్పుతున్నారో తెలీదు.

మళ్ళీ టెంటులోకి వెళ్ళలేదు. సిగ్గు కొంత. నా చోట్లో అప్పటికే కుక్క పడుకోవడం కొంత. తెల్లారేదాకా డ్రైవరు సీట్లో, స్టీరింగుకి మోకాళ్ళు తగిలించుకొని, మంచాలున్న శిబిరాన్ని తలుచుకుంటూ గడిపాను.

పొద్దున నది మీద మంచు పరుచుకొని ఉంది. అవతలి ఒడ్డున నీటికుక్కలు మూడు బండ ఎక్కి దిగుతున్నాయి. మా వాళ్ళు చూసి వచ్చి చెప్పారు, నేను అప్పుడే నిద్రపోయాను. లేచాక టెంటు ముందు నిలబడి ఆ ఫొటో తీయించుకున్నాను. చిన్నవాడు తీశాడు, ఏమీ అనకుండా.

టెంటు ముడవడానికి యాభై నిమిషాలు పట్టింది, అయినా ముడవలేదు. వీడియోలో మనిషి రెండు చెవులు పట్టుకొని ఎనిమిది అంకె వేసినట్టు తిప్పాడు. మేం తిప్పితే తొమ్మిదొచ్చింది. చివరికి పెద్దాయనతో సహా అయిదుగురం తొక్కి వెనక సీట్లో కుక్కాం. సాతనూరు దాటాక గతుకు దగ్గర అది ఒక్కసారిగా విచ్చుకుంది. పిల్లలు లోపల, టెంటు వాళ్ళ బయట. మా పిల్లలు టెంటులో హాయిగా గడిపింది కనకపుర రోడ్డు మీదే.

సిగ్నల్ వచ్చాక అసోసియేషన్ గ్రూపులో పదిహేడు మెసేజీలు. శనివారం రాత్రి ట్యాంకు పొంగి మెట్లన్నీ తడిశాయట. నీళ్ళ కమిటీ ఎక్కడికెళ్ళిందని అడుగుతున్నారు.

ఇది జరిగి ఆర్నెల్లు. ఇప్పటికీ మా ఇంట్లో బొద్దింక కనపడితే ముందు కారు తాళాలు దాచేస్తారు. టెంటు విచ్చుకున్నది విచ్చుకున్నట్టే బాల్కనీలో ఉంది, బట్టలారేసుకోవడానికి చోటు లేదని రోజూ గొడవ. హెచ్‌ఎస్‌ఆర్‌లో గానీ, అగర చెరువు చుట్టుపక్కల గానీ ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి. డబ్బులక్కర్లేదు. సగం రాత్రి మాత్రమే వాడింది. నలుగురికి అని రాసి ఉంటుంది, ముగ్గురికీ ఒక కుక్కకీ సరిగ్గా సరిపోతుంది.